రంగు రాని గువ్వ

చిన్నాయన పోయాక చేసే పెద్దదినం నాడు ఆకులో ఏం పెట్టాలన్న దగ్గర చిన్న వాదన జరిగింది. మా వైపు పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ అరటాకులో వడ్డించి పటం ముందు పెడతారు. తలుపు దగ్గరికి వేసి అందరూ కాసేపు బయట కూర్చుంటారు. ఆ కాసేపట్లో ఆయన వచ్చి తిని పోతాడని నమ్మకం. సంగటి, ఊరుబిండి, కోడికూర, బీడీకట్ట, అగ్గిపెట్టె, అన్నీ కుదిరాయి. చివర్లో చిన్నమ్మ లోపలి గదిలోకి పోయి, పాత లుంగీలో చుట్టిపెట్టిన ఆట డబ్బాను తెచ్చి ఆకు పక్కన పెట్టింది. మళ్లీ పోయి దాని ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా రెండు చేతులతో మోసుకొచ్చింది.

మా నాయన గోడకు ఆనుకుని చూస్తున్నాడు. చిన్నాయన ఆయనకు ఒక్కగానొక్క తమ్ముడు.

"అది ఎందుకమ్మా?" అన్నాడు.

"ఆయప్పకు ఇష్టం కదా బావా."

"ఇష్టమే. ఆడ టీవీ ఉండాదో లేదో మనకు తెల్దు. ఉన్నా, దాంట్లో కూడా రంగు రాలేదనుకో, ఆ తిట్లు మళ్ల మనకే."

చిన్నమ్మ కొంచెం ఆలోచించి ట్రాన్స్‌ఫార్మర్‌ను మాత్రం పక్కకు తీసింది. "ఇంత బరువు యాడ మోస్తాడులే" అంది. డబ్బా ఆకు పక్కనే ఉండిపోయింది. తలుపు వేశారు. బయట కూర్చున్నంతసేపు నాకు ఆ డబ్బా సంగతే గుర్తుకొచ్చింది.

మాది ధర్మవరం. ఇంట్లో రెండు మగ్గాలు పక్కపక్కనే ఉండేవి. నేల తవ్వి, ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసే మగ్గాలు. ఒకటి నాయనది, రెండోది చిన్నాయనది. నేను డిగ్రీ ముగించి, ఉద్యోగాలకు అర్జీలు పెడుతూ, గ్రంథాలయం పుస్తకం ఒళ్లో పెట్టుకుని రాట్నం మీద కండెలు చుట్టేదాన్ని. చుట్టేది ఇద్దరికీ సరిపోవాలి కాబట్టి పుస్తకం నెమ్మదిగా నడిచేది.

చిన్నాయన చేతి నేత బాగుంటుందని ఊళ్లో పేరు. అంచు దగ్గర పోగు ఎక్కడా బిగుసుకోదు, ఎక్కడా జారదు. ఆ పేరు ఆయనకు అక్కరలేదు. "పైన ఉండేది సగం మనిషే. మిగతా సగాన్ని అప్పుడే పూడ్చినారు" అనేవాడు గుంతలోకి చూపించి. చిన్నమ్మ పుట్టినూరు యాడికి అనే ఊరు. అటువైపు బంధువొకరు కువైట్‌లో ఉంటే, ఆయన్ని పట్టుకుని వీసా సంపాదించాడు. పోయే రోజు మగ్గానికి దండం పెట్టలేదు. "మళ్ల దీంట్లో కాళ్లు పెడితే అడుగు" అని నాయనతో అన్నాడు. నాయన అడగలేదు. ఆయన నేస్తున్నాడు.

అక్కడ ఒక అమెరికా ఇంజనీరు ఇంట్లో తోటకు నీళ్లు పెట్టడం, కారు కడగడం పని. కొన్నేళ్లకు ఆ ఇంజనీరు ఉద్యోగం ముగిసి స్వదేశం పోయాడు. పోతూ పోతూ, మోసుకుపోవడం ఇష్టం లేనివి పనివాళ్లకు పంచాడు. చిన్నాయన వంతుకు ఆట డబ్బా వచ్చింది. టీవీకి తగిలిస్తే బొమ్మలు కనిపిస్తాయి, చేతిలోని కడ్డీ కదిపితే ఆ బొమ్మలు కదులుతాయి. అమెరికా కరెంటు తక్కువ శక్తిది, కువైట్‌ది మనలాంటిదే. అందుకని ఇంజనీరు దానికి ఒక ట్రాన్స్‌ఫార్మర్ కొని ఉంచుకున్నాడు. అదీ వచ్చింది. ఇంజనీరు పోయాక పని పోయింది. చిన్నాయన ఇంటికి వచ్చేశాడు.

అది అనంతపురంలో టీవీ టవర్ లేచిన మరుసటి ఏడు. కువైట్ నుంచి వచ్చిన వాళ్లు టేప్ రికార్డర్లు, సెంటు సీసాలు, దుప్పట్లు తెచ్చేవారు. మా వాకిట్లో రిక్షా దిగిన చిన్నాయన ముందు ట్రాన్స్‌ఫార్మర్ దించాడు.

చిన్నమ్మ దాన్ని ఎత్తి చూసి కింద పెట్టింది. "అందరి మొగుళ్లూ టేపు తెస్తారు. నా మొగుడు ఇసుర్రాయి తెచ్చినాడు."

"అది రాయి కాదే. దుడ్లు కాసే చెట్టు."

ఆయన ఆలోచన ఇది. బస్టాండు దగ్గర ఒక రూము తీసుకోవాలి. అందులో రంగుల టీవీ పెట్టి, దానికి డబ్బా తగిలించి, ఆడుకున్న వాళ్ల దగ్గర ఆటకింత అని తీసుకోవాలి. అలాంటి దుకాణం కువైట్ బజారులో చూశానన్నాడు. ఆట ఎలా ఉంటుందో మాకు చెప్పాడు. ఒక గువ్వ. చిలకపచ్చ రంగు. గట్టు మీద దూకుతూ గింజలు ఏరుకుంటుంది. పైనుంచి వల పడుతుంది, తప్పించుకోవాలి. గింజ తిన్నప్పుడల్లా టుక్కుమంటుంది. గూటికి చేరితే పాట పాడుతుంది. ఆ పాట కూడా ఆయన పాడి వినిపించాడు. చిన్న పాట. ఎక్కి, దిగి, చివర్లో ఒక్కసారి ఆగి, మళ్లీ ఎక్కేది.

"ఆ పచ్చ ఎట్ల ఉంటాదంటే," అన్నాడు, "మన పట్టుకు రంగులేసే రంగులాయన జన్మలో తీయలేడు. నేను కండ్లారా చూసినా."

రూము కావాలన్నా, రంగుల టీవీ కావాలన్నా ఊళ్లో మాకు తెలిసింది ఒక్క శావుకారే. మాకు పట్టు, జరీ ఇచ్చి చీరలు నేయించుకునేది ఆయనే. బస్టాండు దగ్గర ఆయనకు గదులున్నాయి. ఇంటి హాల్లో బెంగళూరు నుంచి తెచ్చిన రంగుల టీవీ ఉంది. దానికి చెక్క తలుపులు, తలుపులకు తాళం, తాళం చెవి శావుకారు మొలతాడుకు. మా దగ్గర అనంతపురం సిగ్నల్ అంతంతమాత్రం. మిద్దె మీద ఇనుప పైపు మీద పైపు అతికి యాంటెన్నా నిలబెట్టాడు. గాలి తిరిగితే అదీ తిరిగేది. అయినా వార్తలు చదివే ఆమె చీర రంగు కనిపించేది. శావుకారుకు కావలసింది అదే. ఏ ఊరి చీరో చూసి చెప్పేవాడు.

శావుకారు చిన్నాయన మాటలన్నీ విన్నాడు. ఆయనకు చిన్నాయన చేతి అంచు కావాలి. చిన్నాయన కువైట్ పోయిన నాటి నుంచి ఆ మగ్గం ఖాళీగా ఉండడం ఆయనకు కడుపులో నొప్పి. అందుకని కాదనలేదు, అవుననలేదు.

"రూము ఇస్తా. టీవీ కూడా ఇస్తా. నా టీవీలో నీ గువ్వ రంగుల్లో ఆడల్ల, సద్దు చేయల్ల. నువ్వు చెప్పినట్లే ఉండల్ల. ఉగాదిలోపల ఆడిచ్చినావా, బస్టాండు కాడ నువ్వే శావుకారివి. ఆడలేదా, నీ మగ్గానికి పడుగు పంపిస్తా. కూర్చోవల్ల."

"సరే అన్నా," అన్నాడు చిన్నాయన వెంటనే.

ఇంటికి వచ్చేటప్పుడు నాయన, "మాట ఇచ్చే ముందు డబ్బాను ఒక మాట అడగాల్సిండె" అన్నాడు.

నేత వాళ్లు అమావాస్య నాడు మగ్గం ముట్టరు. అందుకని మొదటిసారి అమావాస్య నాడే పెట్టుకున్నాం. కొత్త పనికి ఆ రోజు మంచిదా అని ఎవరో అన్నారు కానీ, జనానికి తీరిక ఆ రోజే. మా వీధి నేతగాళ్లు శావుకారు హాల్లో గోడల వెంట కూర్చున్నారు. శావుకారు తాళం తీశాడు. చిన్నాయన డబ్బాను తెల్లటి పరుపు మీద పెట్టి, వైరు పట్టుకుని టీవీ వెనక్కి పోయాడు. చాలాసేపు రాలేదు.

డబ్బా వైరు చివర చిన్న పెట్టె, ఆ పెట్టెకు రెండు తోకలు, ఒక్కో తోక చివర పాము నాలుకలాగా చీలిన రేకు. ఆ రేకులను రెండు స్క్రూల కింద దూర్చి బిగించాలి. శావుకారు టీవీకి స్క్రూలు లేవు. యాంటెన్నా వైరు దూర్చే గుండ్రటి రంధ్రం ఒక్కటే ఉంది. రెండు నాలుకలు, ఒక బొక్క.

"కువైట్‌లో ఎట్ల పెట్టినారు?" అని శావుకారు అడిగాడు.

"ఆడ పెట్టే ఉండె."

"ఎవరు పెట్టినారు?"

"ఇంజనీరే. నేను నీళ్లు పెడతాంటి."

ఆ రోజు అంతే. శావుకారు యాంటెన్నా వైరు మళ్లీ దూర్చి అందరికీ టీవీ చూపించాడు. గాలికి పైపు తిరిగినట్టుంది, తెర నిండా చుక్కలు కురిశాయి. చిన్నమ్మ కిటికీ దగ్గర నిలబడి, "పోనీలే, టీవీలోనన్నా వాన పడతాంది" అంది. ఆ ఏడు మాకు వానలు లేవు. అంతకు ముందు ఏడు కూడా.

అనంతపురం నుంచి టీవీ మెకానిక్కును పిలిపించారు. ఆయన రెండు నాలుకలనూ కత్తిరించి పారేసి, తీగలు మెలేసి, రంధ్రంలో పట్టే ముక్క ఒకటి అతికాడు. చిన్నాయన ఆ కత్తిరించిన రేకులను ఏరి చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాత మెకానిక్కు టీవీ కింద రేకు తెరిచి, లోపలి చిన్న చక్రాలను గోరుతో తిప్పుతూ పోయాడు. డబ్బా తన బొమ్మను మూడో ఛానల్లో పంపుతుందని దాని మీద రాసి ఉంది. టీవీ మూడో ఛానల్లో ఏమీ లేదు. అమెరికా మూడు మన మూడు కాదట. ఆ సంగతి ఆయనకు తెలియదు, మాకూ తెలియదు. తిప్పుతూ తిప్పుతూ పోతే మన నాలుగు దగ్గర్లో ఏదో కదిలింది.

బొమ్మ వచ్చింది. వచ్చింది కానీ నిలబడలేదు. కింది నుంచి పైకి జరుగుతూ, పైన మాయమై, మళ్లీ కింద తేలుతూ, ఆగకుండా పోతూనే ఉంది. హాల్లో ఉన్నవాళ్లంతా నేతగాళ్లు. ఎవరూ ఆశ్చర్యపోలేదు.

"పడుగు బిగువు లేదు," అన్నాడు నాయన.

"అవును. దోనె జారుతాంది," అన్నాడు ఇంకొకాయన. దోనె అంటే మగ్గానికి అడ్డంగా ఉండే గుండ్రటి కర్ర, నేసిన బట్ట దాని మీద చుట్టుకుంటుంది.

మెకానిక్కు వాళ్లను ఎగాదిగా చూశాడు. టీవీ వెనక ఒక రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పాడు. బొమ్మ వేగం తగ్గి, వెనక్కి జారి, వణికి, నిలబడింది. బిగించాల్సింది బిగిస్తే నిలబడిందని మా వాళ్లు తృప్తిపడ్డారు.

గట్టు ఉంది. వల ఉంది. గింజలు ఉన్నాయి. మధ్యలో గువ్వ ఉంది. అన్నీ తెల్లగా, నల్లగా, బూడిదగా ఉన్నాయి. సద్దు లేదు.

"రంగు?" అన్నాడు శావుకారు.

మెకానిక్కు కనిపించిన మీటలన్నీ తిప్పాడు. యాంటెన్నా పెట్టి చూస్తే వార్తలామె నీలం చీరలో వచ్చింది. డబ్బా పెడితే గువ్వ బూడిదరంగులో వచ్చింది. శావుకారు ముఖం ముడుచుకుంది. ఇన్ని దుడ్లు పోసి తెచ్చిన రంగుల టీవీ, పదిమంది ముందు నలుపూ తెలుపూ చూపిస్తోంది. తన టీవీకే ఏదో అంటగడుతున్నారని ఆయనకు అనిపించింది.

"టీవీ బాగుండాది అన్నా. డబ్బా కూడా బాగుండాది," అన్నాడు మెకానిక్కు సామాన్లు సర్దుకుంటూ. "రెండింటికీ కుదరలే. జాతకాలు మంచివైనా కొన్ని కుదరవు చూడు, అట్ల."

అప్పుడు నాయన లేచి టీవీ వెనక్కి పోయాడు.

ఇది నేత వాళ్లు తప్ప ఇంకెవరూ చేయని పని. మా ఇంట్లో నేసే రకం చీరలో, మగ్గం మీద నేతగాడికి ఎదురుగా ఉండేది చీర వెనక ముఖం. పువ్వు అసలు రంగు, జరీ మెరుపు కిందివైపు ఉంటాయి. పైన కనిపించేది మసకగా, తేలిపోయిన దారాలతో ఉంటుంది. రోజంతా వెనక ముఖాన్నే చూస్తూ నేస్తారు. ముందు ఎలా వస్తోందో చూడాలంటే వంగి కింద అద్దం పెట్టుకోవాలి. నాయన జన్మంతా చేసిన పని అదే. ఆయనకు మసకబొమ్మ అంటే వెనక ముఖం. వెనక ముఖం ఉందంటే ఎక్కడో ముందు ముఖం ఉండి తీరాలి.

"ఏం ఎతుకుతాండావప్పా?" అన్నాడు శావుకారు.

"మనం కూర్చున్నది ఎనకపక్క. రంగంతా ఈపక్క పడుతుంటాది," అని నాయన టీవీ వెనక రేకు సందుల్లోంచి లోపలికి చూశాడు. లోపల దుమ్ము, వేడి, ఒక సాలెగూడు.

మెకానిక్కు నవ్వాడు. హాల్లో ఇంకెవరూ నవ్వలేదు. వాళ్లలో సగం మందికి అదే ఆలోచన వచ్చి ఉంటుంది.

అసలు కారణం నేను చాలా ఏళ్లకు, ఉద్యోగంలో చేరాక, ఒక పత్రికలో చదివాను. ఒక్కో దేశం టీవీ రంగును ఒక్కో పద్ధతిలో కట్టి పంపుతుంది. ఒక దేశం కట్టిన మూట ఇంకో దేశం టీవీకి విప్పడం రాదు. కువైట్‌లో ఇంజనీరు టీవీ కూడా అమెరికా నుంచి తెచ్చుకున్నదే అయి ఉంటుంది. గీతలు మాత్రం అర్థమవుతాయి కనుక బొమ్మ నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది. సద్దు కూడా అంతే, బొమ్మకు ఎంత దూరంలో సద్దు పెట్టాలన్నది అక్కడా ఇక్కడా ఒకటి కాదు. కరెంటు వేగం తేడా వల్ల బొమ్మ పైకి జారుతుంది. అంటే మెకానిక్కు చెప్పినట్లే, ఎవరి తప్పూ లేదు. కానీ ఆ రోజు హాల్లో తప్పు ఎవరిదన్న ప్రశ్న ఒక్కటే ఉంది. టీవీది అనడానికి శావుకారు ఒప్పుకోడు. డబ్బా మాట్లాడదు. మిగిలింది చూశానని చెప్పిన మనిషి.

"నువ్వు నిజంగా చూసినావా?" అని శావుకారు అడిగాడు.

"చూసినా అన్నా. చిలకపచ్చ."

చిన్నాయన బెంగళూరు పోయాడు. కన్వర్టర్ అనే వస్తువు పెడితే రంగు వస్తుందని మెకానిక్కు ఎవరి దగ్గరో విన్నాడట. కొన్నాళ్లు అక్కడి దుకాణాల్లో తిరిగి, సోమందేపల్లె దాకా లారీలో, అక్కడి నుంచి బస్సులో వచ్చాడు. చేతిలో అగ్గిపెట్టెంత వస్తువు. దుకాణం వాడు కన్వర్టరే అన్నాడు. పెట్టి చూస్తే బొమ్మ కొంచెం స్పష్టంగా వచ్చింది. బూడిదరంగు ఇంకా బాగా కనిపించింది.

ఉగాదికి ముందు వచ్చిన అమావాస్య చివరి అవకాశం. హాలు నిండింది. చిన్నాయన తెల్లచొక్కా వేసుకున్నాడు. డబ్బా తగిలించి, స్క్రూ తిప్పి బొమ్మను నిలబెట్టి, కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు. ఏదో మార్పు జరిగి ఉంటుందని అందరూ ముందుకు వంగారు. ఏమీ మారలేదు. బూడిదరంగు గువ్వ గట్టు మీద నిలబడి ఉంది.

కాసేపు ఆయన కూడా దాన్ని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత కడ్డీ కదిపాడు. గువ్వ దూకి గింజ తిన్నది.

"టుక్," అన్నాడు చిన్నాయన.

ఇంకో గింజ. "టుక్." వల దిగింది. "వల వస్తాంది చూడండి, తెల్లది. గట్టు మట్టిరంగు. గింజ పసుపు. ఇది చిలకపచ్చ, ముక్కు ఎర్రది." గువ్వ పక్కకు దూకింది. "తప్పిచ్చుకునె." నోటితోనే రెక్కల సద్దు చేశాడు. చెయ్యి కడ్డీ మీద, నోరు గువ్వ మీద, కళ్లు ఎవరి వైపూ తిప్పకుండా ఆడాడు. గువ్వ గూడు చేరింది. ఆయన పాట పాడాడు. ఎక్కి, దిగి, ఆగి, మళ్లీ ఎక్కి.

హాల్లో వాళ్లు ఇంకోసారి ఆడమన్నారు. మళ్లీ ఆడాడు. ఈసారి వల దిగినప్పుడు వెనక వరసలోంచి ఒకాయన, "ఎడమకు దూకప్పా, పచ్చదాన్ని పట్టుకుంటాది" అని కేకేశాడు. ఆయన కళ్ల ముందు ఉన్నది బూడిదరంగే.

శావుకారు కూడా నవ్వాడు. కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. చిన్నాయన ఆయన ముఖం చూసి పని అయిపోయిందనుకున్నాడు. అందరం అనుకున్నాం.

"బాగుండాది," అన్నాడు శావుకారు. "రంగు కనిపిచ్చె, సద్దు వినిపిచ్చె. అయితే ఇది నా టీవీ గొప్ప కాదు, నీ డబ్బా గొప్ప కాదు. నీ నోటి గొప్ప. నోటికి రూము ఎందుకప్పా? మగ్గం కాడ కూర్చుని కూడా పాడొచ్చు."

 అన్యాయం అనడానికి వీల్లేదు, పందెం మాట అదే. ఉగాది వెళ్లాక పడుగు వచ్చింది. మా ఇంటి ముందు వీధి పొడవునా దాన్ని చాపి, గంజిపెట్టి, దువ్వి, మగ్గానికి ఎక్కించారు. చిన్నాయన చొక్కా విప్పి గుంతలో కాళ్లు పెట్టాడు. నాయన పక్క మగ్గంలోంచి ఏమీ అడగలేదు.

నాయన ఇంకొక పని చేశాడు. అది అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. చివరి అమావాస్య నాడు అందరూ ఆట చూస్తుంటే, ఆయన టీవీకి దగ్గరగా జరిగి, గళ్ల కాగితం మోకాలి మీద పెట్టుకుని గువ్వను దించుకున్నాడు. చీర అంచు బొమ్మలు గళ్ల కాగితం మీదే గీస్తారు. ఒక్కో గడి ఒక్కో పోగు. గడి గడికీ చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు, ఆ అట్టలు మగ్గం మీది జాకార్డుకు ఎక్కితే బొమ్మ పడుతుంది. గువ్వ ముందే గళ్లుగళ్లుగా ఉంది. ముక్కు రెండు గళ్లు, తోక మెట్లుమెట్లుగా. హంస, నెమలి గీయడానికి నాయన తల బద్దలుకొట్టుకునేవాడు, వంకరలను గళ్లలో ఇమడ్చడం అంత కష్టం. దీనికి ఆ కష్టమే లేదు.

"ఎవరో మన పని తెలిసినోడే గీసినాడు," అన్నాడు నాకు కాగితం చూపిస్తూ.

అంచులో గువ్వలు, గువ్వల మధ్య గింజలు. రంగు దగ్గర తగాదా వచ్చింది. రంగులాయన తెచ్చిన ఏ పచ్చకూ చిన్నాయన ఒప్పుకోలేదు.

"ఇది కాదు. దానికి లోపల్నుంచి వెలుగు ఉండె."

"పట్టు లోపల బల్బు పెట్టమంటావా?" అన్నాడు శావుకారు.

చివరికి చేతికి వచ్చిన చిలకపచ్చ ఒకటి వేశారు. చీర బెంగళూరు పోయింది. మళ్లీ కావాలని కబురు వచ్చింది. బజారులో దానికి టీవీ గువ్వ అంచు అని పేరు పడింది. డబ్బాను నమ్మని శావుకారు గువ్వను ఏళ్లపాటు నేయించాడు. నేసింది చిన్నాయనే, ఆ అంచు ఆయన చేతికి వచ్చినట్టు ఇంకెవరికీ రాదు. తప్పించుకుని పోదామనుకున్న గుంతలో కూర్చుని, తనను బయటికి లాగుతుందనుకున్న గువ్వను, వెనక ముఖం చూస్తూ నేశాడు. నేస్తూ ఆ పాట పాడేవాడు. అడ్డపోగును మోసే నాడె విసిరినప్పుడు టుక్కుమనేవాడు. ప్రతి చీర కోసి దించినప్పుడు ముందు ముఖం తిప్పి చూసి, "ఈ పచ్చ కాదు" అని మడిచి ఇచ్చేసేవాడు.

తర్వాత నేను ఉద్యోగానికి అనంతపురం వచ్చేశాను. మగ్గాలు ఆగిపోయాక నాయన నా దగ్గరికి వచ్చాడు.

పెద్దదినం నాడు తలుపు తీశాక, ఆకులో బీడీకట్ట కొంచెం జరిగి ఉందని ఎవరో అన్నారు. డబ్బా పెట్టినచోటే ఉంది. చిన్నమ్మ దాన్నీ ట్రాన్స్‌ఫార్మర్‌నూ ఆ పాత లుంగీలోనే చుట్టి నా చేతికి ఇచ్చింది. "నువ్వు చదువుకున్నదానివి. నీ దగ్గర ఉండనీ" అంది.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్న టీవీ అన్ని దేశాల బొమ్మలనూ ఒప్పుకుంటుంది. కొన్నాళ్లు డబ్బాను బీరువా మీద ఉంచి, ఒక మధ్యాహ్నం దించాను. ట్రాన్స్‌ఫార్మర్ తగిలించాను. మెకానిక్కు మెలేసిన తీగ ఇంకా గట్టిగానే ఉంది. టీవీ తనంతట తానే వెతుక్కుంది. నేను ఏ స్క్రూ తిప్పలేదు. బొమ్మ వచ్చి నిలబడింది. రంగులు వచ్చాయి.

గువ్వ ఇటుకరంగులో ఉంది. ఎంత చూసినా ఇటుకరంగే. ముక్కు నలుపు. తెరలో ఎక్కడా చిలకపచ్చ లేదు. కడ్డీ కదిపాను. గింజ తిన్నప్పుడు డబ్బా గర్రుమంది. వల పడ్డప్పుడు గర్రుమంది. చాలాసేపటికి గువ్వను గూటికి చేర్చగలిగాను. అప్పుడూ గర్రుమంది, కొంచెం పొడుగ్గా. పాట లేదు.

చిన్నమ్మకు ఫోన్ చేశాను. ఏమని అడగాలో తెలియక, కువైట్‌లో చిన్నాయన ఈ ఆట ఎప్పుడైనా ఆడాడా అని అడిగాను.

"యాడ ఆడేది? ఇంటి లోపలికే రానిచ్చేవాళ్లు కాదంట. తోటకు నీళ్లు పెడతా, కిటికీలోంచి చూసేవాడంట. ఆ కిటికీలకు ఎండ తగలకుండా ఆకుపచ్చ అద్దాలంట. ఏసీ కదా, ఎప్పుడూ మూసే ఉండేవంట."

"ఇది ఎప్పుడు చెప్పినాడు?"

"నాకు మొదుట్నుంచి తెలుసు. మీరు ఎవరూ అడగలే."

పక్క గదిలో నాయన పడుకుని లేడు, కూర్చునే ఉన్నాడు. వచ్చి టీవీ ముందు నిలబడ్డాడు. గువ్వను చూశాడు. నేను అద్దం సంగతి చెప్పాను. ఆయన కొంచెంసేపు తల ఊపుతూ ఉన్నాడు.

"నేను ఆ పొద్దే చెప్పినా," అన్నాడు. "ఏందో ఒకటి ఎనకపక్క ఉండాదని. వాడే ఎనకపక్క ఉన్నాడు."

"మరి చీరలన్నీ తప్పు రంగే కదా నాయనా."

"తప్పేముంది. ఇటుకరంగు గువ్వను ఎవరు కొంటారు." మంచం అంచున కూర్చున్నాడు. "పాట వచ్చిందా?"

"రాలేదు. దాంట్లో పాట లేదు. గర్రుమంటుంది, అంతే."

ఆయన డబ్బా వైపు చూశాడు. నేను గువ్వను మళ్లీ గూటికి చేర్చి వినిపించాను. నాయన పూర్తిగా విన్నాడు.

"అయితే ఆ పాట వాడిదే," అన్నాడు.

 ట్రాన్స్‌ఫార్మర్ బాగా వేడెక్కింది. ప్లగ్ తీసి, అది చల్లారేదాకా ఉండి, రెంటినీ మళ్లీ ఆ లుంగీలోనే చుట్టి పెట్టాను.